గేటు గడియ వేసింది నేనే

ఆ ఇల్లు మాది కాదు. ఆ పిల్లి కూడా మాది కాదు.

ఈ రెండు ముక్కలు చెప్పడానికి నాకు మూడో చలికాలం దాకా పట్టింది. చెప్పిన రోజున కూడా సగమే చెప్పాను. మిగతా సగం చెప్పబోతుంటే చుట్టూ ఉన్న స్నేహితులు నవ్వుతూ అడ్డుపడ్డారు. వాళ్ళు మంచితనంతోనే అలా చేశారు. ఆ మంచితనం చాటున నేను నిశ్చింతగా కూర్చోవడం మాత్రం బాగోలేదు. మా కార్తీక వనభోజనాల ఫొటోల్లో పట్టుపంచె కట్టుకుని, నీలం గేటు ముందు, చంకలో పసుపుపచ్చ పిల్లితో నిలబడ్డ మనిషిని నేను. ఆ ఫొటో చూసి నన్ను "బీచ్ హౌస్ అన్న" అని పిలుస్తున్న వాళ్ళకు జరిగింది జరిగినట్టు తెలియాలి.

ఖతార్‌లో, మెసయీద్‌ దగ్గర ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజనీరుగా చాలా ఏళ్ళు చేశాను. యాభై ఆరో ఏట కంపెనీ మాలాంటి పాతవాళ్ళను కొంతమందిని ఒకేసారి ఇంటికి పంపించింది. కేకు కోశారు, గోడ గడియారం ఇచ్చారు. మా ఆవిడ ఫిజియోథెరపిస్టు. ఆమె ఉద్యోగం ఉంది, అమ్మాయి చదువు ఇంకా పూర్తి కాలేదు, అందుకని ఖతార్‌లోనే ఉండిపోదాం అనుకున్నాం. నా వీసా ఆవిడ పేరు మీదికి మారింది. ఆ సాయంత్రమే ఒక మిత్రుడు ఫోన్ చేసి, "ఏం గురువుగారూ, ఇప్పుడు మా చెల్లాయే మీ స్పాన్సరా? ఊరెళ్ళాలంటే లీవు ఆవిడే శాంక్షన్ చెయ్యాలా?" అన్నాడు. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు బాల్కనీలో నిలబడి అల్ వుకైర్ రోడ్డు మీద వెళ్ళే కార్లు చూశాను. పొద్దున్నే ఆవిడను క్లినిక్కులో దింపి, కూరగాయలు కొని, మళ్ళీ సాయంత్రం తీసుకురావడం నా డ్యూటీ అయింది. నన్ను నేను డ్రైవర్‌గా చూసుకోవడం అప్పుడే మొదలుపెట్టాను. ఎవరూ అనలేదు. నేనే అనుకున్నాను.

మా ఆవిడ వైద్యం చేసేవాళ్ళలో అల్ రయ్యాన్‌లో ఉండే ఒక ఖతారీ పెద్దావిడ ఉంది. మోకాలి ఆపరేషన్ అయ్యాక వ్యాయామం చేయించడానికి మా ఆవిడ వాళ్ళింటికి వెళ్ళేది. ఆమెను "యుమ్మా" అని పిలిచేది. అరబ్బీలో అమ్మా అని. పెద్దావిడకు పాతకాలం ఖతారీల్లాగే హిందీ కొంత వచ్చు. ఆమెకు ఉత్తరాన, అల్ ఖోర్ దాటాక, సముద్రం ఒడ్డున ఒక చిన్న ఇల్లు ఉంది. రెండు గదులు, పెద్ద వాకిలి, వాకిట్లో ఒక సిద్ర చెట్టు. మన రేగుచెట్టుకు అక్క లాంటిది. పెళ్ళై వచ్చినప్పటి నుంచీ ప్రతి చలికాలం ఆ ఇంట్లోనే గడిపిందట. ఇప్పుడు సముద్రపు చెమ్మకు మోకాళ్ళు పట్టేస్తున్నాయని కొడుకు అక్కడ ఉండనివ్వడం లేదు.

ఆమెకు దాంతో పెద్ద బాధ లేదు. బాధంతా పిల్లి గురించి. అది ఆ వాకిట్లో పుట్టింది. చలి మొదలవగానే అల్ రయ్యాన్ ఇంట్లో అన్నం మానేసి, గేటు దగ్గర కూర్చుని అరుస్తుందట. "నేను లేకపోయినా పర్వాలేదు. గత్వాకి సముద్రం కావాలి" అందట మా ఆవిడతో. గత్వా అంటే పిల్లి. ఆమె దానికి వేరే పేరు పెట్టలేదు.

అలా కుదిరింది ఏర్పాటు. నవంబరు నుంచి మార్చి దాకా మేం పిల్లిని తీసుకుని ఆ ఇంట్లో ఉండాలి. అద్దె లేదు. నేను వారమంతా అక్కడే, మా ఆవిడ సెలవు రోజుల్లో. పెద్దావిడ ప్రతి శుక్రవారం సాయంత్రం వచ్చి పిల్లిని చూసి వెళుతుంది. ఆ ఇంట్లో అసలు అద్దెకున్నది పిల్లి. మేం దాని వెంట వెళ్ళినవాళ్ళం.

మొదటి ప్రయాణం నాకు బాగా గుర్తుంది. అల్ రయ్యాన్‌లో వాళ్ళ డ్రైవర్ పిల్లిని వెదురు బుట్టలో పెట్టి మా కారు ముందు నుంచి తెచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. నేను స్టార్ట్ చేసిన ఇంజిన్ ఆపేశాను.

"ఏమైందండీ?" అంది మా ఆవిడ.

"పిల్లి ఎదురొచ్చింది. రెండు నిమిషాలు ఆగుదాం."

"ఎదురొచ్చిన పిల్లిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్తున్నాం. ఇంకా ఏం ఎదురు చూస్తారు? దిగి మంచినీళ్ళు తాగి రమ్మంటారా దాన్ని?"

డ్రైవర్ పగలబడి నవ్వాడు. "పోనియ్యి సార్, యల్లా! పిల్లికి మీరే ఎదురొచ్చిన్రు, అది ఏమన్న అన్నదా?"

దారి పొడుగునా అది ఒకటే అరుపు. పెట్రోలు బంకు దగ్గర ఆగి టీ తాగుతుంటే, కారు అద్దంలోంచి దాన్ని చూసి పక్క కారులో పిల్లలు కేరింతలు కొట్టారు. ఏసీ పెంచితే అరుస్తుంది, తగ్గిస్తే అరుస్తుంది. ఒకసారి బుట్టలోనే కక్కుకుంది. అల్ ఖోర్ దాటి రోడ్డు సన్నబడ్డాక, అద్దం కొంచెం దించమంది మా ఆవిడ. ఉప్పుగాలి లోపలికి వచ్చింది. పిల్లి అరుపు ఠక్కున ఆపేసింది. బుట్ట సందులోంచి ముక్కు బయటపెట్టి, మిగిలిన దారంతా అలాగే ఉంది. ఇంటికి చేరగానే మా ఆవిడ పాలు పొంగించి, మొదటి గిన్నె దానికే పెట్టింది. ఆ పొద్దు నాకు చాలా రోజుల తర్వాత సంతోషం కలిగింది.

ఆ సంతోషంలోనే తప్పు మొదలైంది. రేగుచెట్టు కింద కుర్చీ, ఒళ్ళో పిల్లి, వెనక సముద్రం. ఫొటో తీసి మా తెలుగువాళ్ళ గ్రూపులో పెట్టాను. "రిటైర్మెంట్ అంటే ఇదీ" అని రాశాను. వెంటనే ప్రశ్నలు. "అన్నా, కొన్నావా?" "అక్కడ మనకి అమ్మరు కదా?" "లీజా?" నేను నవ్వు ముఖం బొమ్మ ఒకటి పెట్టాను. మర్నాడు ఒకాయన ఫోన్ చేసి అడిగితే, "లాంగ్ లీజులెండి" అన్నాను. నోరు జారి అన్నది కాదు. ముందురాత్రి పడుకునేటప్పుడే ఆ మాట సిద్ధం చేసి పెట్టుకున్నాను.

పెద్దావిడ శుక్రవారం రావడం నాకు మెల్లగా ఇబ్బంది అనిపించసాగింది. గేటుకు బెల్లు ఉంది కానీ దాన్ని నీళ్ళ ట్యాంకరు వాడు తప్ప ఎవరూ నొక్కరు. ఆమె దగ్గర తన తాళంచెవి ఉంది. గేటు తీసుకుని చెప్పులతోనే నడిచి వచ్చి, చెట్టు కింద కూర్చుని, "గత్వా!" అని పిలిచేది. మేం చేపలు ముట్టం. పిల్లికి పెరుగన్నం, షాపులో కొన్న గింజలు పెట్టేవాళ్ళం. అది చిక్కిపోతోందని ఆమె ఇంటి దగ్గర చేప ఉడికించి డబ్బాలో తెచ్చేది. ముళ్ళు తీసి వేళ్ళతో పెట్టేది. వాకిలంతా వాసన. నేను ముక్కు మూసుకునేవాణ్ణి కాదు కానీ, ఆమె వెళ్ళాక నీళ్ళు కొట్టి కడిగేవాణ్ణి. ఆమె సొంత వాకిలి.

రెండో చలికాలం గ్రూపులో ఎవరో అన్నారు, "ఈసారి వనభోజనాలు పార్కులో ఎందుకు? అన్న బీచ్ హౌస్ ఉండగా!" నేను వెంటనే సరే అన్నాను. మా ఆవిడ అడిగింది, "యుమ్మాకి చెప్పారా? శుక్రవారం ఆవిడ వస్తుంది కదా, చేప తెస్తుంది."

"చెప్పాను. మరో రోజు వస్తానంది."

చెప్పలేదు. చెబితే ఆమె సంబరంగా వస్తానంటుందని తెలుసు.

ఆ శుక్రవారం వాకిలి కళకళలాడింది. ఉసిరిచెట్టు లేదు కాబట్టి, సూపర్ మార్కెట్లో దొరికిన ఉసిరికాయలు దారంతో గుచ్చి రేగుచెట్టుకు కట్టారు. ఉసిరికాయ మీద దీపాలు వెలిగించారు. అరిటాకుల్లో పులిహోర, ముద్దపప్పు, కంద బచ్చలి, పరవాన్నం. "అన్నా, రాజభోగం నీది!" అని ఒకరు, "వదినా, మమ్మల్ని కూడా లీజుకి తీసుకోండి!" అని ఒకరు. మధ్యాహ్నం దాటాక హౌసీ ఆడి, అంత్యాక్షరికి కూర్చున్నారు. ఆమె వచ్చే వేళ దగ్గరపడుతోంది. నేను లేచి, పిల్లల చెప్పులు సర్దుతున్నట్టు గేటు దగ్గరికి వెళ్ళి, లోపలి గడియ వేశాను. ఎవరూ చూడలేదు. వచ్చి కూర్చుని చేతులతో తాళం వేస్తూ పాడాను కూడా.

కాసేపటికి తాళంచెవి తిరిగిన చప్పుడు. గేటు కదల్లేదు. మళ్ళీ తిరిగింది. మళ్ళీ. పాట మధ్యలో వదిలేశాను. పరుగులాంటి నడకతో వెళ్ళి గడియ తీసి, గేటును ఒక మనిషి పట్టేంత తెరిచి, ఆ సందులో నేను నిలబడ్డాను.

నల్లని అబాయాలో పెద్దావిడ, చేతిలో డబ్బా. వెనక డ్రైవర్.

"తాళం పాడైందా?" అంది హిందీలో.

"యుమ్మా, ఇవాళ మా పూజ. చేప లోపలికి రాకూడదు" అన్నాను.

అంతవరకు నిజమే. ఆమె నా భుజం మీదుగా చూసింది. పట్టుచీరలు, దీపాలు, చెట్టుకు వేలాడే కాయలు. ఆమె ముఖం వెలిగింది. డబ్బా డ్రైవర్ చేతికిచ్చి, చేతులు అబాయాకు తుడుచుకుని, లోపలికి అడుగు వేయబోయింది. చేప లేకుండా. కార్తీకమాసం సాకు అక్కడితో అయిపోయింది. నేను పక్కకు జరగాలి. జరగలేదు.

వెనకనుంచి ఎవరో కేకేశారు, "ఎవరన్నా?"

నేను తల తిప్పి తెలుగులో చెప్పాను. "చేపలావిడ. శుక్రవారం శుక్రవారం వస్తుంది."

"ఇవాళ వద్దని చెప్పన్నా, కార్తీకమాసంలో బోణీ మన దగ్గరా!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

డ్రైవర్ నవ్వలేదు. ఆమె వాడి ముఖం చూసింది, నా ముఖం చూసింది. "అచ్ఛా, అచ్ఛా" అని వెనక్కి తిరిగింది. పిల్లి నా కాళ్ళ మధ్య నుంచి బయటికి దూరింది. ఆమె కారు తలుపు తెరిచి, సీట్లో పక్కకు కూర్చుని, మోకాలు వంగక అవస్థపడుతూనే ముళ్ళు తీసి దానికి పెట్టింది. డ్రైవర్ మన భాషవాడని ఎవరో చెబితే, మిత్రుడొకడు పులిహోర పొట్లం పట్టుకుని బయటికి వెళ్ళాడు. మా ఆవిడ వంటగదిలో ఉంది. వచ్చి, "గేటు దగ్గర ఎవరు?" అంది. "యుమ్మా మర్చిపోయి వచ్చి వెళ్ళిందట, గడియ పడి ఉంది, పిల్లలెవరో వేసినట్టున్నారు" అన్నాను.

తర్వాతి శుక్రవారం తాళంచెవి చప్పుడు కాలేదు. కారు వచ్చిన చప్పుడు విని నేనే గేటు తీశాను. గేటు బయట, గోడ నీడలో, డ్రైవర్ ప్లాస్టిక్ కుర్చీ వేస్తున్నాడు. పెద్దావిడ దానిమీద కూర్చుంది.

"లోపలికి రమ్మని చెప్పు" అన్నాను.

"చెప్పిన సార్. చేపలమ్మెటోళ్ళు గేటు కాడ్నే కూసుంటరంట గద, అంటున్నది."

"నువ్వు చెప్పావా?"

"ఏమన్నడని అడిగింది. అడిగినంక ఎట్ల దాస్త? ఆమె ఉప్పు తింటున్న. ముందుగాల నవ్వింది సార్. గని రయ్యాన్ దాంక మల్ల మాట్లాడలే."

మా ఆవిడ నా వెనకే నిలబడి ఉంది. అంతా విన్నది. బయటికి వెళ్ళి, మట్టిలో కూర్చుని, పెద్దావిడ కాలు ఒళ్ళోకి తీసుకుని మోకాలు నొక్కసాగింది. నేను టీ తెచ్చాను. ఆమె తీసుకుంది. బాగుందని కూడా అంది. ఆ సాయంత్రం నుంచి మా ఆవిడ ఇంట్లో నన్ను "ఓనరుగారూ" అని పిలవడం మొదలుపెట్టింది. "ఓనరుగారూ, చెత్తబండి వచ్చింది." "ఓనరుగారూ, పిల్లి కక్కింది."

ఇంకో శుక్రవారం ధైర్యం చేసి, పెద్దావిడ ముందు నిలబడి, తప్పైపోయిందని హిందీలో అన్నాను. ఆమె అరబ్బీలో డ్రైవర్‌తో ఏదో చెప్పింది.

"ఎవల ముందల అన్నవో ఆళ్ళ ముందల చెప్పుమంటున్నది సార్. నాకు చెప్తే ఏమొస్తది, నా ఇల్లు నాకు ఎర్కనే గద, అంటున్నది."

చెప్పలేదు. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ చలికాలం గడిపేశాను. ప్రతి శుక్రవారం ఆమె గేటు బయటే కూర్చుంది, పిల్లి బయటికి వెళ్ళి తిని వచ్చింది. ఎండలు ముదిరాక పిల్లిని అల్ రయ్యాన్‌కు తిరిగి తీసుకెళ్ళాం. బుట్ట అందుకుంటూ పెద్దావిడ, "చలి రాగానే రండి" అంది మామూలుగా. ఇల్లు తిరిగి తీసుకుని ఉంటే నాకు తేలికగా ఉండేది.

మూడో చలికాలం రానే వచ్చింది. గ్రూపులో మళ్ళీ అదే పాట. "అన్నా, ఈసారీ మన బీచ్ హౌసేనా?"

"అడగాల్సింది మిమ్మల్నా, ఆవిడనా?" అంది మా ఆవిడ.

పిల్లికోసం వెళ్ళినప్పుడు మొదటిసారి అనుమతి అడిగాను. ఆమెను కూడా రమ్మన్నాను. పెద్దావిడ ఆలోచించి, "ఆ రోజు చేప కూడదు కదా?" అని మాత్రం అంది. ఆ ప్రయాణంలోనూ పిల్లి అరుస్తూనే ఉంది. నేను చెప్పాల్సిన మాటలు లోలోపల కూర్చుకుంటున్నాను. సముద్రం గాలి తగిలి అది నిశ్శబ్దమయ్యాక, నా మాటలు నాకే బొంకులా వినిపించాయి.

వనభోజనాల రోజు గేటు బార్లా తెరిచి ఉంచాను. వడ్డన ఆలస్యమైంది, అందరూ ఆకుల ముందు కూర్చునేసరికి ఆమె కారు వచ్చి ఆగింది. ఆమె గేటు బయటే నిలబడిపోయింది. నేను చేతిలో పప్పు గిన్నెతో లేచి, "ఒక్క మాట. ఈ ఇల్లు నాది కాదు. లీజూ కాదు. ఇదిగో, ఈవిడది. ఈ పిల్లి కోసం మమ్మల్ని ఉండనిచ్చింది" అన్నాను.

పోయినేడు పులిహోర పొట్లం పట్టుకెళ్ళిన మిత్రుడు ఆకు వైపు చూస్తూ అన్నాడు, "మాకు తెలుసన్నా. ఆ రోజే డ్రైవర్ చెప్పాడు. నువ్వు బాధపడతావని ఎవరం ఆ మాట ఎత్తలేదు."

అందరికీ తెలుసు. తెలిసే ఫొటోలు దిగారు, తెలిసే బీచ్ హౌస్ అన్న అన్నారు. నా పరువు కాపాడుకోవడానికి నేను ఆమెను గేటు దగ్గర ఆపాను. ఆ పరువు అప్పటికే లేదు. ఆగిపోయింది ఆమె ఒక్కతే.

"పోయినేడు గడియ కూడా..." అని మొదలుపెట్టాను.

"పిల్లలెవరో వేసుంటార్లే, వదిలెయ్యన్నా. పప్పు చల్లారిపోతోంది. ముందు వడ్డించు!" అందరూ నవ్వారు. మా ఆవిడ నన్నే చూస్తోంది. నేను వడ్డించాను.

పెద్దావిడ గేటు దగ్గర చెప్పుల కుప్ప చూసి, డ్రైవర్‌ను అడిగి, తనూ చెప్పులు విప్పింది. డబ్బా మూత తీసి నాకు చూపించింది. ఖర్జూరాలు. "ఇవి పర్వాలేదా?" అంది. పర్వాలేదన్నాను. "ఎక్కడ కూర్చోను?" అంది. ఆ వాకిట్లో ఏ మూల ఎండ ఎప్పుడు పడుతుందో తెలిసిన మనిషి. చేత్తో చెట్టు చూపించాను. ఆడవాళ్ళు ఆమెకు ఆకు వేశారు, వెళ్ళేటప్పుడు పండూ జాకెట్టు గుడ్డా చేతిలో పెట్టారు. అతిథికి చేసే మర్యాదలన్నీ చేశారు. ఆమె అన్నిటికీ తల ఊపి, "షుక్రన్" అంటూ తీసుకుంది.

ఇప్పుడు శుక్రవారాలు ఆమె లోపలే కూర్చుంటోంది. మా ఆవిడ నన్ను ఓనరుగారూ అనడం మానేసింది. గడియ సంగతి ఆవిడకు తెలియడం ఇది చదివాకే. పెద్దావిడకు మాత్రం ఆ రోజే తెలిసి ఉంటుంది. గడియ తీసిన చప్పుడు ఆమె బయటినుంచి విన్నది.

తాళంచెవి ఇప్పటికీ ఆమె దగ్గరే ఉంది. వాడదు. నేను గేటు తెరిచే ఉంచుతున్నాను. అయినా ఆమె బయట ఆగి బెల్లు నొక్కుతుంది. పిల్లి నాకంటే ముందే గేటు దగ్గరికి వెళుతుంది. నేను వెనక వెళ్ళి, రండి యుమ్మా అనేదాకా, ఆమె అక్కడే నిలబడి ఉంటుంది.